రెండోసారికి పెరిగిన కథ

నా కుడిచేతి మీద ఒట్టు. ఆ చేతిలో ఉండే టెస్టర్ మీద, టెస్టర్‌లో వెలిగే ఎర్రలైటు మీద ఒట్టు. కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. దానికి అబద్ధం చేతకాదు. దాని సాక్షిగా చెబుతున్నాను, ఈ కింద రాసినదాంట్లో ప్రతి ముక్కా నిజం. నన్ను ఎరిగిన నాచారం వాళ్ళు ఈ మాట చదివి పక్కవాడిని మోచేత్తో పొడుస్తారని తెలుసు. పొడవనీ.

నాది ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే దుకాణం. ఫ్యాక్టరీల వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. తీగ చుట్టే పనిలో చేతులకు తీరిక ఉండదు కానీ నోరు ఖాళీ. ఖాళీ నోట్లోంచి కథలు వస్తాయి. ఉప్పల్ మెట్రో పిల్లర్లలో ఒకటి లోపల డొల్ల అని, అందులో మెట్లున్నాయని, ఇంజనీర్లు ఎండకు అక్కడ కూర్చుని పేకాడుకుంటారని ఒకసారి చెప్పాను. కొన్నాళ్ళకు ఘట్‌కేసర్‌లో ఒక పెళ్ళిలో ఎవరో పెద్దమనిషి అదే కథ నాకే చెప్పాడు. ఆ మెట్లు ఆయన కళ్ళారా చూశాడట.

అలాంటి నా దుకాణం మీది రెండు గదుల్లోకి ఒక సంస్థ వాళ్ళు దిగారు. బోర్డు మీద మానవ హక్కులు, వలస కార్మికుల సహాయం అని రాసి ఉంది. బోర్డును నమ్మే అలవాటు మా వాడలో ఎవరికీ లేదు. ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు, జార్ఖండ్ వాళ్ళు ఖాళీ చేతులతో మెట్లెక్కేవారు, ఖాళీ చేతులతో దిగేవారు. సరుకు పైకి పోదు, కిందికి రాదు. ఇదేం వ్యాపారం? కిడ్నీల దందా అన్నాడు ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయన. పూలమ్మే ఆమె మాత్రం ప్లాట్ల బేరమే అని తేల్చింది. మా వైపు ఇద్దరు మనుషులు కాసేపు ఖాళీ జాగా వైపు చూస్తే అది ప్లాట్ల బేరం కాక మరేమిటి? నేను రెండూ నమ్మాను. చెవి పైన మెట్ల మీదే పెట్టి తీగ చుట్టుకునేవాణ్ణి.

దాన్ని నడిపేది ఇద్దరు. ఒకరు అక్క. అందరికీ అక్కే. నాచారం పాత ఊరి మనిషి, ఇక్కడ వరి పండిన రోజులు ఎరుగును. రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసి రిటైరైంది. మూట చూడగానే అందులో ఉన్నది చీటీ మీద రాసినది కాదని అనుకోవడం అక్కడ అబ్బిన గుణం. మనుషులను కూడా అలాగే చూసేది. రెండో ఆయన వకీలు. భార్యకు ఇక్కడ ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగమైతే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాడు. మాట చివర ‘అండీ’ లేకుండా కుక్కను కూడా అదిలించలేడు.

పై గదిలో గోడ మీద అక్క తన చేత్తో పెయింటు వేసి ఒక రూలు రాసింది: ‘ఎదుటివాళ్ళకు చెప్పకుండా ఎవరి మీదా ఫిర్యాదు చేయం.’ మొదట్లో ఒకవైపు మాటే విని ఫిర్యాదు పెడితే ఏ పాపమూ తెలియని మేస్త్రీ ఒకడి పని పోయిందట. ఆ బాధతో రాసిన రూలు అది.

రాయని రూలు ఇంకొకటి ఉండేది. ఎవరు ఏం చెప్పినా అక్క విని, చాయ్ తాగి రమ్మని కిందికి పంపుతుంది. వచ్చాక మళ్ళీ చెప్పమంటుంది.

ఇక అసలు సంగతి. చర్లపల్లి వైపు ఒక షెడ్డులో గాలి బయటికి తోసే పెద్ద ఫ్యాను ఆగిపోయిందని నన్ను పిలిచారు. ప్లాస్టిక్ డబ్బాలకు మూతలు బిగించి అట్టపెట్టెల్లో సర్దే షెడ్డు అది. దాని సూపర్‌వైజర్ మా వైపు పిల్లగాడే, నన్ను మామా అంటాడు. గేటు తాళం తీసి నన్ను లోపలికి పంపి, మళ్ళీ బయటి నుంచి తాళం వేశాడు.

“ఏంది అల్లుడా, నన్ను గూడ డబ్బాల పెట్టి అమ్ముతవా?”

“సేటు ఆర్డర్ మామా. జర పని కానీ, తీస్త.”

లోపల ఒడిశా జంటలు కొన్ని పని చేస్తున్నాయి. నేను నిచ్చెన ఎక్కితే కింద పట్టుకున్నది ఒక నిండు గర్భిణి. ఆమె భర్త మూతలు బిగిస్తూనే మమ్మల్ని గమనిస్తున్నాడు. గోడ అవతల నుంచి రైలు కూత వినబడింది. ఆమె ఇక్కడ నేర్చుకున్న హిందీలో మెల్లగా అడిగింది, ఆ బండి మా వైపు పోయేదేనా అని. పోతుందేమో అన్నాను. తొలిచూలు, అమ్మ దగ్గరికి పోవాలని ఉంది, ఆర్డరు పూర్తయ్యేదాకా ఎవరినీ వదలనంటున్నాడు సేటు, అంది. తర్వాత ఇంకో మాట అడిగింది. “రాత్రి నొప్పులు వస్తే గేటు ఎవరు తీస్తారు భయ్యా?”

నా దగ్గర ప్రతిదానికీ ఒక కథ ఉంటుంది. దీనికి లేదు.

దుకాణం కూడా తెరవకుండా నేరుగా మెట్లెక్కాను. అనుమానించిన గదిలోకి అదే మొదటిసారి పోవడం. అక్కకు అంతా చెప్పాను. తాళం కొబ్బరికాయంత ఉందన్నాను. ఆమె చాయ్ తాగి రమ్మంది. తాగి వచ్చి మళ్ళీ చెప్పాను. ఈసారి గేటు దగ్గర నల్లకుక్కను కూడా పెట్టాను, దూడంత.

“కుక్క ఇందాక లేకుండె గదా తమ్మీ. చాయ్ తాగేలోపు ఈనిందా?”

“యాది మర్చిన అక్కా.”

“సూడు. రెండోసారికి కథ పెరిగిందంటే అబద్ధం. తగ్గిందంటే భయం. అచ్చం గట్లనే ఉంటే ఎవరో నేర్పి పంపిన్రు.”

“మరి నిజమైతే ఎట్లుంటది?”

“ఏమో, నాకింతవరకు దొరకలే. గందుకే పోయి సూస్తం.”

పోయి చూశారు. కార్మికశాఖ ఆఫీసరును వెంటబెట్టుకుని వెళ్ళారు, నేనూ వెళ్ళాను. గేటు బార్లా తెరిచి ఉంది. ముందు నీళ్ళు చల్లి ఉంది. లోపల పాటలు పెట్టుకుని పని చేస్తున్నారు. గర్భిణి పక్కనే సూపర్‌వైజర్ నిలబడ్డాడు. ఆమె తల దించుకుని ఏ కష్టమూ లేదంది. సాక్షి ఎవరని ఆఫీసరు అడిగి, నన్ను చూసి, నిట్టూర్చాడు. పిల్లర్ కథ ఆయనదాకా కూడా పోయింది కాబోలు.

కొన్నాళ్ళాగి మళ్ళీ పోయాం. మళ్ళీ గేటు బార్లా, మళ్ళీ నీళ్ళ చల్లు. ఆమె కడుపు మాత్రం ఇంకాస్త కిందికి జారింది.

ఎవరో ముందే కబురు పెడుతున్నారు. అది ఖాయం. ఆనాటి నుంచి ఆ రెండు గదుల్లో ఒకరు మాట్లాడితే ఇంకొకరు కళ్ళు చికిలించడమే.

“ఆ షెడ్డు ఫ్యాన్లు నీ గిరాకే గదా తమ్మీ,” అంది అక్క ఒకరోజు, చాలా మెత్తగా.

“అక్కా, నేను అబద్ధం చెప్తనే గని చాడీ చెప్ప.”

“గది గూడ అబద్ధమైతే?”

కానీ నా అనుమానం నాకుంది. అంత మర్యాదగా మాట్లాడే మనిషి లోపల ఏదో దాచుకోకుండా ఎలా ఉంటాడు? వకీలు ఫోను మోగితే గదిలో మాట్లాడడు, మెట్ల మీదికి వస్తాడు. మెట్ల కింద నేను ఉంటాను. మూడోసారి పోవాలని అనుకున్నాక ఆయన మెట్ల మీదికి వచ్చాడు. నేను మోటారు పక్కన పెట్టి చెవి ఒగ్గాను.

“నమస్కారమండీ సేటుగారూ. రేపు పదకొండింటికి మేం వస్తున్నామండీ. మీ వాదన కూడా సిద్ధంగా పెట్టుకోండి. ఉంటానండీ.”

నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. “దొరికిండు అక్కా! దొంగ ఇంట్లనే ఉన్నడు!”

వకీలు నా వెనకే వచ్చాడు. ముఖంలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది. “నేనేం దాచానండీ? అక్కడున్నదే చేశాను.” గోడ వైపు చూపించాడు.

అక్క గోడ చూసింది. తన చేతిరాతే.

“రెండుసార్లు గూడ మీరే చెప్పిన్రా?”

“చెప్పొద్దా అండీ మరి? ఎదుటివాళ్ళకు చెప్పకుండా...”

“నాకెందుకు చెప్పలే?”

“మీరు రాసిందే కదండీ. మళ్ళీ మీకు చెప్పడమేమిటి?”

ఊరందరినీ అనుమానించిన మనిషి తన గోడను అనుమానించలేదు. నాకు నవ్వొచ్చింది, కానీ ఆ గర్భిణి అడిగిన మాట గుర్తొచ్చి ఆగింది.

“ఆ రూలు మీద సున్నం ఏద్దం అక్కా, నా దగ్గర బ్రష్షుంది,” అన్నాను.

“ఏసేదుంటే నేనే ఎయ్యనా? మేస్త్రీ పని పోయింది మర్చిపోతనా?” కసిరింది. కాసేపటికి అడిగింది: “వకీల్ సాబ్, రేపటిది ఎట్లాగూ చెప్పిన్రు. రేపు పోవద్దు. ఎల్లుండి పోదాం. గోడ మీద చెప్పాలె అని ఉంది. ఎవరు చెప్పాలె అని ఉందా?”

“లేదండీ.”

ఇద్దరూ నా వైపు చూశారు.

“ఈ తమ్ముడు ఎల్లుండి పొద్దుగాల పోయి షెడ్డు జిమ్మేదారుకు, గా సూపర్‌వైజర్‌కు చెప్తడు. ఉన్నదున్నట్టు. కుక్క లేకుంట.”

“అంటే నా మాట ఎవడూ నమ్మడనే గదా!”

“నమ్మితే నమ్మనీ. మనం రూలు తప్పలే.”

వకీలు మెడ రుద్దుకున్నాడు. “ఇది ధర్మమేనంటారా?”

“అబద్ధం ఏమన్న చెప్తున్నమా? మీ ఫోను ఇటియ్యుండ్రి.” ఆ ఫోను ఎల్లుండి దాకా ఆమె సంచిలోనే ఉంది.

నిజం చెప్పడానికి ఇంత భయపడ్డది లేదు నేను. షెడ్డు దాకా దారిపొడుగునా నోట్లో పులులు, మంత్రులు, ఏనుగులు మెదిలాయి. అన్నీ మింగేశాను. సూపర్‌వైజర్ గేటు ముందు స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

“అల్లుడా, ఇయ్యాల పదకొండింటికి లేబర్ ఆఫీసరు వస్తుండు. అక్క, వకీలు గూడ. గేటుకు బయట తాళం ఉంటదా లేదా సూడనీకి. నీకు చెప్పమన్నరు, చెప్తున్న.”

అతను నన్ను ఎగాదిగా చూసి పగలబడి నవ్వాడు. “ఎట్లొస్తరు మామా? పిల్లర్ లోపలి మెట్లు దిగొస్తరా?” నవ్వుతూనే తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, బండి తీసి పీర్జాదిగూడ వైపు టిఫిన్‌కు పోయాడు.

పదకొండింటికి ఆఫీసరు వచ్చేసరికి తాళం వేలాడుతోంది. గేటు సందులోంచి లోపలి వాళ్ళ వేళ్ళు కనబడుతున్నాయి. సూపర్‌వైజర్‌కు ఫోను చేస్తే స్విచాఫ్. ఆఫీసరు తాళాన్ని లాగి చూసి, నా వైపు తిరిగి, నీ సంచిలో ఏమున్నాయి అన్నాడు. హాక్సా బ్లేడుతో కోసింది నేనే. కొబ్బరికాయంత లేదు, నిమ్మకాయంత ఉంది. కోయడానికి మాత్రం కొబ్బరికాయంత కష్టమైంది.

ఆ గర్భిణి బయటికి వచ్చేసరికి చేతిలో మూట సిద్ధంగా ఉంది. ఎప్పటి నుంచి కట్టి పెట్టుకుందో.

ఆ జంటను చర్లపల్లి స్టేషన్‌లో రైలు ఎక్కించాం. అక్క ముందు బోర్డు చదివింది. తర్వాత టీసీని అడిగింది. అది చాలక పక్క సీటు ముసలాయనను కూడా అడిగింది, ఈ బండి నిజంగా అటే పోతుందా అని. జన్మంతా రైల్వేలో చేసి రైలును కూడా నమ్మదు. కొన్నాళ్ళకు ఆడపిల్ల పుట్టిందని భర్త ఫోను చేస్తే, “ఏదీ, జర బిడ్డ ఏడుపు వినిపియ్యి,” అంది. వినిపించాకే స్వీట్లు తెప్పించింది.

సేటు మీద కేసు నడిచింది. ఇప్పుడా గేటుకు తాళం లోపలి వైపు ఉంది. సూపర్‌వైజర్ మీద సేటు అరిచాడట, ముందే చెప్పినా తాళం ఎలా వేశావని. “ఆ ఫ్యాన్ల మామ చెప్తే ఎవరు నమ్ముతరు సేట్?” అన్నాడట వాడు. అంత కోపంలోనూ సేటు అది కాదనలేకపోయాడు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. టెస్టర్ చేతిలోనే ఉంది కనుక ఒప్పుకుంటాను. పైన రాసినదాంట్లో ఒక్క ముక్క కల్పన.

సూపర్‌వైజర్ నవ్వలేదు.

నేను చెప్పింది విని అతను ఫోను పక్కన పెట్టాడు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. “నిజమేనా మామా?” అన్నాడు. నిజమే అన్నాను. గేటు లోపలికి ఒకసారి చూసి, తాళం వేసి, లాగి చూసుకుని, చెవి జేబులో పెట్టుకున్నాడు. బండి ఎక్కి అన్నాడు: “ఎవరన్న అడిగితే నేను నవ్విన అని చెప్పు. జర మంచిగ చెప్పు.”

మంచిగానే చెప్పాను. అతని నౌకరి నిలిచింది ఆ నవ్వు మీదే. ఇప్పుడతను ఆ పని మానేసి వేరే ఊళ్ళో సొంతంగా ఏదో పెట్టుకున్నాడు. ఇక ఆ నవ్వుతో అతనికి అవసరం లేదు. అందుకే మొన్న మెట్లెక్కి ఈ సంగతి అక్కకు చెప్పాను.

ఆమె కళ్ళద్దాలు తీసి నా వైపు చూసింది. “అప్పుడు నవ్విండంటివి. ఇప్పుడు నవ్వలేదంటున్నవ్. మీదికెల్లి బండి మీది డైలాగొకటి.”

“ఒట్టు అక్కా.”

“చాయ్ తాగి రా తమ్మీ,” అంది. “వచ్చి మళ్ళ మొదటిసంది చెప్పు.”