గంజి పెట్టిన గాజుబట్ట

విమానం కట్టడంలో రెక్కలే కష్టమని అందరూ అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. రెక్కలు రెండేళ్లలో అయిపోయాయి. ఇంజన్ మీద మూసే ఫైబర్ గ్లాస్ తొడుగు మాత్రం నా ప్రాణం తోడేసింది. దాన్ని కౌలింగ్ అంటారు. పైచిప్ప ఒకటి, కిందిచిప్ప ఒకటి. రెండూ ఒకదానికొకటి కుదరాలి. ముందుండే పంకాతో పాటు తిరిగే గుండ్రటి టోపీకీ ఈ తొడుగుకీ మధ్య చుట్టూ పెన్సిల్ మందం సందు ఉండాలి. చదవడానికి ఇంతే. చేస్తే తెలుస్తుంది.

జడ్చర్లలో కిరాయికి తీసుకున్న రేకుల షెడ్డు నా కార్ఖానా. నేను మందుల కంపెనీలో మెషిన్లు బాగుచేసే మెకానిక్‌ను. ఇద్దరు కూర్చునే ఆ చిన్న విమానం విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చింది. డ్యూటీ అయిపోగానే షెడ్డుకు చేరి, ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ ఒక్కొక్కటే బిగించాను. "ఎప్పుడు లేస్తదే నీ విమానం?" అని తోటివాళ్లు అడిగితే "ముక్కు కుదరంగనే" అనేవాణ్ని. అనీ అనీ నాకే సిగ్గేసేది.

నాయిన మక్తల్ దగ్గర మా ఊళ్లో చేనేత పని చేసేవాడు. బతుకంతా చీరలు నేశాడు. మోకాళ్లు మొరాయించడంతో మగ్గం విప్పేసి మా దగ్గరికి వచ్చాడు. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆయనకు పొద్దు గడవదు. నాతో పాటు షెడ్డుకు వచ్చి, స్టూలు మీద కూర్చుని "జర ఆగి కొయ్యిరా" అంటూ ఉండేవాడు.

ఆగడం నా జాతకంలో లేదు. కౌలింగ్ అంచును వెంట్రుకవాసి గీకాలి, పెట్టి చూడాలి, తీయాలి, మళ్లీ గీకాలి. పెట్టీ తీసీ విసుగొచ్చి, ఒక సాయంత్రం ఒక్క దెబ్బకు కోసేశాను. కిందిచిప్ప ఎడమవైపు వేలెడు పొట్టిదైంది. ఇక గాజుబట్ట పొరలు పొరలుగా పరిచి, రెజిన్ అనే జిగురు పూసి ఆ అంచును పెంచుకోవాలి.

గాజుబట్ట అంటే గాజు పోగులతో నేసిన తెల్లటి బట్ట. నాయిన దాని కొస వేళ్ల మధ్య నలిపి మొహం చిట్లించాడు.

"గంజి లేని బట్టరా ఇది. పోగులెట్ల జారుతున్నయో చూడు."

నేను వినిపించుకోలేదు. మరునాడు నేను డ్యూటీకి పోయాక, ఆయన ఇంట్లో అన్నం వార్చిన గంజి పట్టుకుపోయి, పలచగా కలిపి, బట్ట మొత్తానికి పెట్టాడు. కుంచెతో దువ్వి, ఎండలో ఆరేసి, చక్కగా చుట్టి పెట్టాడు. గాజు పోగులు గుచ్చుకుని మోచేతుల దాకా దురద పుట్టినా పని వదల్లేదు.

సాయంత్రం బట్ట కొత్త చీరలా బిర్రుగా ఉంది. కత్తెరకు ఇంత బాగా తెగుతోందేమిటని సంబరపడ్డానే తప్ప, ఎందుకని ఆలోచించలేదు. నాలుగు పొరలు పరిచి రెజిన్ పూసి ఇంటికి పోయాను. తెల్లారి గోటితో గీరితే, పెనం మీది దోసెలా మొత్తం లేచి వచ్చింది. గంజి పట్టిన పోగుల్లోకి రెజిన్ దిగనే లేదు. "ఈ బట్టకేం పట్టింది?" అన్నాను.

"గంజి నేనే పెట్టిన," అన్నాడు నాయిన, ఏం జరిగిందో తెలియక, కాస్త గర్వంగానే.

నా నోటికి అదుపు లేదు. "మగ్గం పోయినా మగ్గం బుద్ధి పోలే నీకు! ఎవరు పెట్టుమన్నరు?" అని రేకులు అదిరేలా అరిచాను. ఆయన స్టూలు మీంచి లేచి బయటికి నడిచాడు. మరునాడు పొద్దున్నే మక్తల్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

కొత్త బట్ట తెప్పించాను. వంపు మీద పరిస్తే ముడతలు, ముడతలు సరిచేస్తే లోపల గాలిబుడగలు. మూడుసార్లు పరిచి మూడుసార్లు పీకేశాను. నిజం చెప్పాలంటే, ఆ ఖాళీ స్టూలును చూస్తే చేతులు ఆడేవి కావు. పెద్దమనిషిని అంత మాట అన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. నా భార్య కూడా మొహం మీదే అడిగింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదైతది. పోయి మామను తోల్కరా. విమానం లేస్తే లేస్తది, లేకుంటే లేదు. ఆయన మనసు ఇరిగితే రెజిన్ పూసి అతుకుతవా?"

ఆదివారం బస్సెక్కాను. తప్పయిందని ఎట్లా చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. నాయిన ఇంటి ముందు కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాడు. ఆయన్ని చూడగానే కూడబలుక్కున్నదంతా మరిచిపోయాను. నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"నాయినా, బట్ట వంపు తిరుగుతలేదు."

"ఎట్ల పరిచినవ్? నిలువుగనా?"

"నిలువుగనే."

"అందుకే," అంటూ లేచి చెప్పులు వేసుకున్నాడు.

షెడ్డులో ఆయన చేతులకు గ్లౌజులు తొడిగాను. బట్టను మూల నుంచి మూలకు ఏటవాలుగా కోయించాడు. "పడుగు దిక్కు గుంజినా, పేక దిక్కు గుంజినా బట్ట మొండిది. మూలకు గుంజు, చెప్పినట్టు ఇంటది." ఆయన మూలలు పట్టుకుని మెల్లగా సాగదీస్తుంటే, నన్ను ఏడిపించిన ఆ బట్ట వంపు మీద ముడత లేకుండా ఒదిగిపోయింది. నేను రెజిన్ అద్దాను. గట్టిపడ్డాక ఉలితో లేపినా లేవలేదు.

ఈసారి ఆయన చెప్పినట్టే ఆగి ఆగి గీకాను. సందు చుట్టూ ఒక్క తీరుగా వచ్చింది. కౌలింగ్ బిగించాకే ఇంజన్ నడపాలని ఇన్నాళ్లూ ఆగాం కాబట్టి, విమానాన్ని బయటికి తోసి, చక్రాలకు అడ్డం పెట్టి, తోకను తాడుతో కట్టి, మొదటిసారి ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆ చప్పుడుకు పక్క షెడ్లలో జనమంతా బయటికొచ్చారు. కౌలింగ్ ఎక్కడా కొట్టుకోలేదు. నాయిన చెవులు మూసుకుని పడీ పడీ నవ్వాడు.

ఇంజన్ ఆపాక ధైర్యం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"నాయినా, ఆ పొద్దు నేను నిన్ను గట్ల అనొద్దుండె."

"ఏ పొద్దు?"

"గంజి బట్ట లేచొచ్చిన నాడు."

"నువ్వేమన్నవో నాకేం ఎరుక? ఇంజన్ సప్పుడుల నాకేం ఇనబడలే," అని ఆయన నా భుజం తట్టాడు.

నేను అరిచిన ఆ రోజుకు మా ఇంజన్ ఇంకా ఒక్కసారి కూడా నడవలేదు.