మా వియ్యపురాలి ఎన్నికల చదివింపులు

నా పేరు దయమ్మ. ఆధార్ కార్డులో అరవై ఎనిమిది. అది రాసినవాడు నన్ను అడగలేదు, నాకు డెబ్బై దాటాయి. మాది పర్చూరు పక్కన పల్లె. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, ఒక గేదె. ఆ కోడలి తల్లి, మా ఊరి సర్పంచి, మొన్న గురువారం పోయింది. కబురు చెప్పినవాణ్ణి, "నోరు ముయ్యరా, పొద్దున్నే నా గేదె పాలు పల్చనని పోట్లాడింది" అని కసిరాను. ఆ తర్వాత పాలచెంబు చేత్తో పట్టుకునే వాళ్ళింటికి పరుగెత్తాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పాస్టరమ్మగారు రాస్తున్నారు. మా వియ్యపురాల్ని ఎవరో డబ్బున్నవాళ్ళు గెలిపించారని కొందరంటున్నారు. అబద్ధం. గెలిపించింది ఎవరో వినండి.

మా ఊళ్ళో మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఒక ఉమ్మడి కల్లం ఉంది. సొంత చోటు లేని మాలాంటి కౌలువాళ్ళకు అదే దిక్కు. దాన్ని ప్లాట్లు చెయ్యాలని సిటీ నుంచి ఒక పెద్దమనిషి దిగాడు. సర్పంచి ఎన్నికలో తన మనిషిని నిలబెట్టి ఇంటింటికీ కవర్లు పంచాడు. అతని మీద మా వియ్యపురాలు పోటీకి దిగింది. ఆవిడ దగ్గర ప్రచారం ఆటోకి అద్దె కూడా లేదు.

"వదినా, పెళ్ళికి చదివింపులు చదివిస్తాం గదా. నా ఎన్నికకీ చదివిద్దాం" అంది.

"ఈ వయసులో నీకు పెళ్ళేంటే?"

"పెళ్ళికొడుకు అక్కర్లేదులే, మైకుంటే చాలు."

మర్నాడు సాయంత్రం కల్లంలో మంచం వేయించి, మైకు పట్టుకుని కూర్చుంది. ఎవరేమిచ్చినా ఊరంతా వినేట్టు చదివింది. "పత్తి తీసే ముఠా చదివింపులు, మనిషికి పది రూపాయలు! మస్తాన్ వలి చదివింపులు, వచ్చినవాళ్ళందరికీ టీ! మా వియ్యపురాలు దయమ్మ చదివింపులు, గుడ్డు పెట్టని పెట్ట ఒకటి!"

"గుడ్ల సంగతి ఊరికెందుకే?" అని అరిచాను. అదీ మైకులో వినబడింది.

అంతలో ఆ పెద్దమనిషి గుమాస్తా వచ్చి, లావుపాటి కవరు ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "పోటీ నుంచి తప్పుకోండమ్మా" అన్నాడు మెల్లగా.

"పేరు చెప్పు బాబూ, చదవాలి."

"పేరెందుకండీ, ఉంచుకోండి."

"చదివింపు తీసుకుంటే, మళ్ళీ మీ ఇంట్లో కార్యానికి నేను తిరిగి చదివించాలి. నన్నేం చదివించమంటారు? ఈ కల్లమా?"

ఆ మాట మైకులో ఊరి చివరిదాకా వెళ్ళింది. గుమాస్తా కవరు తీసుకుని జారుకున్నాడు. ఇంట్లో కవర్లు దాచుకున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తాము తీసుకున్నదీ చదివింపేనని, తిరిగి ఇవ్వాల్సింది కల్లమేనని అప్పుడు తెలిసొచ్చింది. కొందరు కవర్లు తిప్పి పంపారు. కొందరు పంపలేదు, అబద్ధమెందుకు? ఓటు మాత్రం ఆవిడకే వేశామని ఒట్టేశారు. గెలిచింది. కల్లం మిగిలింది.

గెలిచాక కూడా ఎవరైనా అరటిపళ్ళు తెస్తే, "మైకులో చెప్పమంటావా?" అని అడిగేది. చెప్పమన్నవాళ్ళవే తీసుకునేది.

శుక్రవారం ఆవిడ శవపెట్టెను కల్లం మీదుగానే తీసుకెళ్ళాం. నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. "కాస్త పక్కకి లాగండ్రా" అన్నారెవరో. "లాగితే లేచి తిడుతుంది" అన్నాను. గట్టు మీద ఒకరి వెనక ఒకరం నడిచాం. గాలి తిరిగింది, ఘాటు లేచింది. మోసేవాళ్ళు తుమ్ముతుంటే పెట్టె ఊగింది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో తుమ్మారు. అందరి కళ్ళలో నీళ్ళు. ఎవరిది ఏడుపో ఎవరిది ఘాటో ఎవరూ అడగలేదు.

చెప్పింది చెప్పినట్టే రాశారని చదివించుకుని విన్నాక వేసిన బొటనవేలి ముద్ర: దయమ్మ.
సాక్షులు: మస్తాన్ వలి, టీ కొట్టు. సుగుణమ్మ, పత్తి ముఠా మేస్త్రి.