కొండెక్కిన పెద్దవల

నా చిన్నప్పుడు కొండంటే మా ఊరి జాలర్ల పిల్లలకి ఎక్కే చోటు కాదు, దూరాన నీలంగా కనబడే గుర్తు. వేటకెళ్ళిన మా అయ్య పడవ మీంచి ఆ కొండని చూసుకునే మా ఒడ్డు పోల్చుకునేవాడు. ఆ కొండ ఎక్కిస్తానని మా హైస్కూలు డ్రిల్లు మేస్టారు చెప్పిన రోజున ఎనిమిదో తరగతి గదంతా గోలగోల. అయ్య చూసే కొండ మీంచి నేను మా సముద్రాన్ని చూస్తానట! ఆ సంబరానికి నాకు అన్నం కూడా సయించలేదు.

ఇప్పుడు మా మనవరాలి స్కూలు వాళ్ళు ట్రెక్కింగని వెళ్తే బూట్లు, వీపుసంచులు, సెల్లులో ఫొటోలు. మాకు చద్దన్నం మూట, అందులో ఎండుచేప, అంతే. మేస్టారు బొబ్బిలి వైపు రైతుబిడ్డ. అల వస్తే వెనక్కి గెంతేవారని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. కానీ రోజూ పొద్దున్నే ఒడ్డున నిలబడి, మావాళ్ళు వరసగా తాడు పట్టుకుని పెద్దవలని ఒడ్డుకి లాగడం కళ్ళార్పకుండా చూసేవారు.

కొండ కింద ఆయన ఒకటే మాట చెప్పారు. ఎక్కితే అందరం ఎక్కాలి, ఒక్కరు ఆగిపోయినా అందరం దిగిపోవాలి. మేం తలూపి పరుగందుకున్నాం. కాలే ఇసకలో పెరిగిన పిల్లలం, దూరమంటే మాకు పరుగే. మెల్లగా నడిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి మరి. కొండ దగ్గర ఆ అలవాటే కొంప ముంచింది. సగం దారికే అందరికీ రొప్పు. నాకైతే డొక్కలో పట్టేసి ఒక బండ మీద చతికిలబడ్డాను.

మా మేనబావ మా తరగతే, నోటిదురుసు. "ఒసే, నీ మూలాన మేమందరం దిగిపోవాలేటి? సేపలబుట్టలో ఎట్టి మొయ్యమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నొప్పికి కాదు, ఇంత దూరమొచ్చి నా వల్ల ఎవరికీ కొండ మీంచి సముద్రం కనబడకుండా పోతుందేమోనని.

మేస్టారు నన్ను లెమ్మనలేదు, వాణ్ణి తిట్టలేదు. "ఒరే, పెద్దవల లాగినప్పుడు తాడు కొసనున్నోడు ఏటి సేస్తాడ్రా?" అని బావనే అడిగారు.

"తాడొగ్గీసి, నీటికాడికెల్లి మల్లీ అందరికన్నా ముందు తాడట్టుకుంతాడు మేస్టారూ. ఇది కూడా తెల్దేటి!"

"మరైతే కొసనున్న పిల్లని ముందుకి రానియ్యి."

నీళ్ళు తాగించి, డొక్క నొప్పి తగ్గాక నన్ను వరసకి ముందు నిలబెట్టారు. నన్నెవరూ దాటకూడదు. కాసేపు నా నడకే అందరి నడక. తర్వాత కొసనున్నవాళ్ళు బాట పక్కనుంచి ముందుకొచ్చేవారు. వల లాగినట్టే వరస తిరుగుతూ పైకి సాగింది. ఎవరో ఐలేసా అని కేకందుకున్నారు. ఇక చూడాలి, కొండంతా మా కేకలే! కొంత దూరం పోయాక బావ కాలికి రాయి తగిలి వాడే కొసకి పడ్డాడు. ముందుకి రావడానికి సిగ్గుపడుతుంటే నేనే అరిచాను. "రా బావా, వల జారిపోతంది!" వాడు నవ్వేసి, కుంటుకుంటూ వచ్చి ముందు నడిచాడు.

పైన ఒక్కసారిగా చెట్లు తొలిగిపోయాయి. పొలాలు, తాటితోపులు, వాటి అవతల మా సముద్రం, ఆకాశానికి కుట్టిన నీలం అంచులాగ! తెల్లగా ఏదో మెరిసింది. తెరచాప అని ఒకరు, కొంగ అని ఒకరు కొట్టుకున్నారు. నేను మాత్రం మా అయ్య పడవే అనుకుని, గొంతు పోయేదాకా పిలుస్తూ రెండు చేతులూ ఊపాను.

ఆ ఏడాదితో నా చదువు ఆగిపోయింది. పుస్తకాల్లోవి చాలా మరిచిపోయాను. కానీ అరసవల్లికో, ఏ పెళ్ళికో ఇంటిల్లిపాదీ నడిచి వెళ్తుంటే ఇప్పటికీ ఒకసారి వెనక్కి చూస్తాను. మోకాళ్ళు పట్టేసిన వదిననో, చంటిపిల్లనెత్తుకున్న కోడలినో ముందుకి రమ్మంటాను. "నా వల్ల మీకు ఆలీసమైపోతాది అత్తా" అని కోడలు మొహమాటపడుతుంది. "అవనీయే. నీ నడకే మా నడక" అంటాను. ఆమె ముందు, మేం వెనక. ఇన్నేళ్ళలో ఒక్కరిని కూడా దారిలో వదిలేసి వెళ్ళలేదు.