ఇంజిన్ లైటు, ఉస్తాద్ పానా

కామారెడ్డిలో కారు ఇంజిన్ లైటు సంగతి మొదట తెలిసిన మెకానిక్‌ని నేనే. గొప్పలకు పోతున్నాననుకున్నా సరే, నిజం నిజమే. ఐదేళ్లు గల్ఫ్‌లో ఒక గ్యారేజీలో పనిచేసి తొంభైల మొదట్లో తిరిగి వచ్చాను. నాకు పని నేర్పిన ఉస్తాద్ గ్యారేజీ ఎల్లారెడ్డి రోడ్డు మీద ఉండేది. మళ్లీ అక్కడే చేరాను.

ఉస్తాద్ అప్పటికి అరవై దాటిన మనిషి. ఇంజిన్ చప్పుడు విని లోపమెక్కడుందో చెప్పేవాడు. ఆయన దగ్గర ఏ పనైనా ఒకే రకంగా మొదలవ్వాలి. బానెట్ లేపగానే పది నంబరు పానా తీసుకుని బ్యాటరీ వైరు ఊడదీయాలి. ఎప్పుడో ఒక జీపులో వైరు అంటుకుని ఆయన అరచెయ్యి కాలిందట. అప్పటి నుంచి బ్యాటరీ వైరు తీయనిదే ఏ బండినీ ముట్టడు, ఎవరినీ ముట్టనివ్వడు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. గిరాకీ, అంటే బండి తెచ్చిన మనిషి, ఎదురుగా ఉంటే ఉస్తాద్ చేతికి ఎవరూ అడ్డం చెప్పకూడదు. మా దగ్గర గ్యారేజీలన్నిట్లో అంతే.

ఒకరోజు ఎల్లారెడ్డి నుంచి ఒకాయన జపాన్ కారు వేసుకుని వచ్చాడు. గల్ఫ్ నుంచి ఓడలో తెప్పించుకున్న బండి, స్టీరింగు ఎడమ పక్కన. అలాంటి కారు మా గ్యారేజీకి రావడం అదే మొదలు.

“ఉస్తాద్, ఇంజిన్ బొమ్మ ఉన్న లైటు వస్తది, పోతది. అది వచ్చినప్పుడు బండి గుంజుకుంటది. రెండుసార్లు నడిమిట్ల ఆగింది. ఎల్లుండి మా అవ్వకు పట్నంల కంటి ఆపరేషన్ ఉన్నది” అన్నాడు.

ఆ లైటు వెలగడం చూడగానే నాకు సగం సంగతి తెలిసిపోయింది. ఆ కార్లలో ఇంజిన్‌ను నడిపించేది ఒక కంప్యూటర్ డబ్బా. ఎక్కడైనా తేడా కనబడితే డబ్బా లైటు వెలిగించి, ఆ లోపానికి ఒక నంబరు రాసి పెట్టుకుంటుంది. లోపం తాత్కాలికంగా సర్దుకుంటే లైటు ఆరిపోతుంది కానీ నంబరు పోదు. దాన్ని అడిగి తెలుసుకోవచ్చు. ఒక్కటే షరతు. డబ్బాకు కరెంటు ఆగకూడదు. బ్యాటరీ వైరు తీస్తే రాసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఉస్తాద్ బానెట్ లేపి, అలవాటుగా పానా అందుకున్నాడు. వైరు తీయొద్దని చెప్పబోయాను. గిరాకీ పక్కనే నిలబడి ఉన్నాడు. నిన్నగాక మొన్న విమానం దిగినవాడు ఉస్తాద్‌కు పని నేర్పుతున్నాడంటారని ఊరుకున్నాను. వైరు ఊడింది. ఉస్తాద్ ప్లగ్గులు తుడిచి, గాలి ఫిల్టరు దులిపి, వైరు మళ్లీ బిగించి బండి నడిపి చూశాడు. లైటు లేదు, గుంజుడు లేదు.

“ఫికర్ మత్ కరో. మీ అమ్మను నిమ్మలంగ తీస్కపో. నా చేతి మీదికెల్లి పోయిన బండి ఇంతవరకు తాడు కట్టుకొని వాపస్ రాలే” అన్నాడు ఉస్తాద్. అది ఉత్త మాట కాదు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే.

మూడో రోజు పొద్దున పది గంటలకు ఆ కారు వచ్చింది, ముందు ట్రాక్టరు, మధ్యలో మోకు. లింగంపేట దాటాక ఆగిపోయి, ఇక కదల్లేదట. రోడ్డు పొడుగునా దుకాణాల వాళ్లందరూ బయటికి వచ్చి చూశారు. చాయ్ హోటల్లో ఎవరో ఉస్తాద్ మాటనే ఆయనలాగే అని నవ్వారు. మాకు వినబడింది.

ఉస్తాద్ కారు దగ్గరికి నడిచాడు. బానెట్ లేపి, మళ్లీ పానా తీశాడు. ఈసారి నేను ఆగలేదు.

“వైరు తీయకు ఉస్తాద్! తీస్తే డబ్బల రాసుకున్న నంబర్ పోతది.”

ఆయన చెయ్యి ఆగింది. “మొన్న తీసినప్పుడు నీకు ఎర్కనేనా?”

“ఎర్కనే.”

“మరెందుకు చెప్పలే?”

“గిరాకీ ముందట ఎట్ల చెప్పాలె అని...”

“అంటే నా ఇజ్జత్ కాపాడినవ్” అని ఉస్తాద్ కారు వెనక సీటు వైపు చూపించాడు. అక్కడ ముసలమ్మ కూర్చుని, ట్రాక్టరు లేపిన దుమ్మును కొంగుతో కళ్లలోంచి తుడుచుకుంటోంది. ఆపరేషన్ ఆ పూటకు తప్పిపోయినట్టే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బానెట్ కింద చిన్న పెట్టె ఉంటుంది. అందులో రెండు రంధ్రాలను వైరు ముక్కతో కలిపి తాళం తిప్పితే, అదే లైటు మినుకుమంటూ నంబరు చెబుతుంది. ఉస్తాద్ స్టీరింగు ముందు కూర్చుని పైకి లెక్కబెట్టాడు. ఒకసారి. కొంచెం ఆగి మూడుసార్లు. పదమూడు. ప్లగ్గులకు కరెంటు పంచుతూ, ఇంజిన్ తిరుగుడు డబ్బాకు తెలిపే డిస్ట్రిబ్యూటర్ నంబరు అది.

“డిస్ట్రిబ్యూటర్! అదే మార్చాలె ఉస్తాద్. బొంబాయికెల్లి తెప్పియ్యాలె” అన్నాను. అంత సిగ్గుపడ్డా నా పొగరు మాత్రం తగ్గలేదు.

“అది ఖరాబైందని చెప్పిందా, ఆడికెల్లి కబురు వస్తలేదని చెప్పిందా?”

“కబురు వస్తలేదనే.”

“మరి తొవ్వ చూడకుండ మనిషిని మారుస్తవా?”

డిస్ట్రిబ్యూటర్ నుంచి డబ్బాకు పోయే వైర్లను ఉస్తాద్ వేళ్లతో నలుపుతూ పోయాడు. ఇంజిన్ పక్క మలుపు దగ్గర ఒకచోట ఆగాడు. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగి ఉంది. గతుకుల్లో కలుస్తూ విడిపోతూ ఇన్నాళ్లు ఆడించింది. ఆ ముక్క కోసి, కొత్తది అతికించాడు. “గిప్పుడు తీయొచ్చు ఉస్తాద్” అని నేనంటే ఆయనే బ్యాటరీ వైరు తీసి, పాత నంబరు తుడిచేశాడు. తిరిగి బిగించాక లింగంపేట దాకా పోయి వచ్చాం. మళ్లీ అడిగితే డబ్బా దగ్గర చెప్పడానికి ఏ నంబరూ లేదు.

ఉస్తాద్ చేతులు తుడుచుకుని ముసలమ్మ దగ్గరికి వెళ్లాడు. “తప్పు నాదే అమ్మా. ఈ కొత్త బండ్ల సంగతి నాకు ఎర్క లేకపాయె.”

నా తప్పును దాచిపెడుతున్నాడు. ఆ దాపరికం నాకు భరించరానిదయింది.

“కాదు అవ్వా. నాకు ఎర్కనే. మొన్న నేనే నోరు మూసుకున్న.”

ఆమె మసక కళ్లతో మా ఇద్దరి వైపూ చూసింది. మాట ఎవరిదో ఆనవాలు దొరికినట్టు లేదు. “ఎవలి తప్పయితే నాకేంది బిడ్డా? రేపన్న కోస్తరేమో. గిప్పుడు బండి పోతదా, పోదా?”

అలవాటుగా ఉస్తాద్ వైపు చూశాను. ఆయన నువ్వే చెప్పమన్నట్టు నా వైపు చెయ్యి చూపించాడు.

“పోతది అవ్వా” అన్నాను.