కంటి కొలత

టైలరమ్మ వీధిలో అందరికీ టేపు పెట్టి కొలిచేది. కూతురికి మాత్రం ఏటా వేసవిలో కంటి అంచనాతోనే గౌను కుట్టేసేది. ఈసారి గౌను మోకాళ్లు దాటలేదు. పిల్ల మర్నాడు మొదటిసారి ఒక్కతే బస్సెక్కి పిన్ని ఇంటికి వెళ్తానంటోంది. తల్లికి మనసొప్పడం లేదు.

"నాకు చెల్లెలు లేదుగా, ఇది ఎవరికి కుట్టావమ్మా?"

"నిన్నటిదాకా ఇంతే ఉండేదానివి కదే."

"నిన్న కాదు, పోయిన వేసవిలో."

అంచు దించుదామంటే లోపల గుడ్డ మిగల్లేదు. టైలరమ్మ పిల్లని నిలబెట్టి, భుజం నుంచి కింది దాకా టేపుతో కొలిచింది. అంకె నమ్మలేక మళ్లీ కొలిచింది.

"రేపటికి వేరేది అవుతుందా?"

"అవుతుంది" అంది తల్లి, కొత్త గుడ్డ పరుస్తూ. "నీతో నేనూ బస్సెక్కుదామనుకున్నాను. ఎక్కించి వచ్చేస్తాలే."