గార్డు మామను దింపేసి వెళ్లిపోయిన ఇల్లు

మనుషులు ఇల్లు వదిలి వెళ్లిపోవడం మీరు చూసే ఉంటారు. ఇల్లే మనిషిని నడిరోడ్డు మీద వదిలేసి వెళ్లిపోవడం మాత్రం మా చిత్తూరులో ఒక్కసారే జరిగింది. ఆ ఇంటిని తోలుకుపోయిన మహానుభావుణ్ణి నేనే. అప్పుడే నవ్వకండి. ముందు ఆ ఇంటి సంగతి వినండి.

మా పక్కింట్లో గార్డు మామ, టీచరత్త ఉండేవాళ్లు. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. మామ పేరు మునిరత్నం, గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. అత్త పేరు అలివేలమ్మ, ఆడపిల్లల స్కూల్లో కుట్టు టీచరుగా చేసి ఆయన వెనకే రిటైరైంది. సర్వీసంతా మామ రైలు చివరి పెట్టెలో కూర్చుని ఊళ్లన్నీ తిరిగాడు. ఆ పెట్టెలోకి పెళ్లాన్ని ఎక్కించుకోకూడదట, రూలు. ఆమె అన్నం క్యారియరు అందించడం, ఆయన పచ్చజెండా ఊపడం, బండి కనుమరుగయ్యేదాకా ఆమె ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడడం. వాళ్ల కాపురంలో సగం అదే.

రిటైరై ఇంటికొచ్చిన రోజున మెళ్లో పూలదండ తీయకముందే అత్త అడిగిందట.

"దేశమంతా తిరిగితివే, ఒక్కసారన్నా నన్ను నీ పెట్టెలో కూసోబెట్టుకుంటివా?"

మామ ఆ మర్నాడే పెట్టె కోసం వెతకడం మొదలుపెట్టాడు.

దొరికింది బెల్లం మండీ వెనక. ఎప్పుడో ఒక దొర, దొరసాని కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని లోకం చుట్టడానికి బయల్దేరారట. చిత్తూరు దగ్గర దాని ఇరుసు విరిగితే, అక్కడే వదిలేసి విమానమెక్కి వెళ్లిపోయారట. వదిలేసేటప్పటికే అది ముసలిది. చూడ్డానికి చక్రాల మీద బోర్లా పడుకున్న పనసకాయలా ఉండేది. లోపల కోళ్లు కాపురం పెట్టాయి. బెల్లం వాసనకు చీమలు ఎన్ని చేరాయంటే, టైర్లు లేకపోయినా ఆ బండిని చీమలే మోసుకుని రోజుకు జానెడు జరిపేవని మండీ హమాలీలు చెప్పేవాళ్లు. నిజానికి హమాలీలు చెప్పలేదు, నేనే చెప్పేవాణ్ణి.

"ఎత్తుకోని పోప్పా, పుణ్యముంటాది. కోళ్లు మాత్రం నావి," అన్నాడు మండీ యజమాని.

ఎద్దుల బండి మీద ఇల్లు ఇంటికొచ్చింది. వీధి వీధంతా నోరు తెరిచింది. పెన్షను పుచ్చుకుంటూ కృష్ణా రామా అనుకోవాల్సిన మొగుడూ పెళ్లాలు కోళ్లగూటి మీద పడ్డారేమిటని బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్లిద్దరూ ఎవరినీ పట్టించుకుంటేనా! మామ పాత జీపు ఇరుసొకటి తెచ్చి కింద బిగించాడు. బొగ్గులా ఉన్న తలుపు పిడిని చింతపండు పెట్టి తోముతూ తోముతూ ఇత్తడి అని కనిపెట్టాడు. పైన చిరిగిపోయిన సత్తురేకుల పని అత్త తీసుకుంది. రివిట్లు చేతిలో పట్టుకుని చూసి, "దీంట్లో ఏముండాది, హెమ్మింగే గదా," అంది. కొంగు బొడ్లో దోపుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకునే అలవాటు కొద్దీ రివిట్లు పెట్టుకుని, రేకు అంచు మడిచి వరసగా కొట్టుకుంటూ పోయింది. ఆ వరస చూస్తే పట్టు రవిక అంచు గుర్తొచ్చేది. నాకైతే ఈ రోజుకీ ఆ పనితనం తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కప్పు కారుతోందేమో చూడ్డానికి మామను లోపల కూర్చోబెట్టి, నిచ్చెనెక్కి బిందెతో నీళ్లు పోసింది.

"ఏమయ్యా, కారతా ఉండాదా?"

"ఆఁ!"

"యాడ?"

"నా నెత్తిన!"

"నీ నెత్తి యాడుండాదో నాకెట్లా తెలుస్తాది? సుద్దముక్కతో గుర్తు పెట్టు!"

అలా నెల పైగా మామ లోపల తడిశాడు. ఆ తర్వాత తుపానొచ్చినా లోపల అప్పడాలు ఆరబెట్టుకోవచ్చన్నట్టు తయారైంది ఆ ఇల్లు. మడత మంచం, పంపు స్టవ్వు, కాఫీ ఫిల్టరుకు గోడలో ఒక గూడు. మామ చెప్పగా అత్త కొత్తగా ఎర్రజెండా, పచ్చజెండా కుట్టింది. మిగిలిన పచ్చగుడ్డతో కిటికీలకు కర్టెన్లు వేసింది. ఈ కర్టెన్లను కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఇల్లు సిద్ధం. మొదటి ప్రయాణం కాణిపాకానికి, వినాయకుడి దగ్గర బండి పూజకు. ఇన్నేళ్లకు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని మామ చేయబోయే మొదటి ప్రయాణం అది. మరి లాగేదెవరు? మా నాయనకు మామిడి తోపు పనులకని ఒక జీపుండేది. నాకు దాన్ని తోలడం కొత్తగా వచ్చింది. రివర్సు ఇంకా రాలేదు.

"నేను లాగతా మామా! మద్రాసులో సర్కసోళ్ల ఏనుగుల బండే లాగినోణ్ణి," అన్నాను.

అత్త కుట్టుపనిలోంచి తలెత్తింది. "ఎన్ని ఏనుగులు రా చంద్రా?"

"రెండు అత్తా."

"మొన్న మూడంటివే?"

"ఒకటి దోవలో దిగిపోయినాది."

దోవలో దిగిపోవడం గురించి అంత తేలిగ్గా మాట్లాడినందుకు తర్వాత అనుభవించాను లెండి.

మామ నాకు శిక్షణ మొదలుపెట్టాడు. చక్రాలున్నది ఏదైనా ఆయనకు రైలే.

"నేను జీపు తట్టు కిటికీ కాడ కూసోనుంటా. ఎర్రజెండా సూపిస్తే?"

"ఆపేది మామా."

"పచ్చజెండా ఊపి, విజిలేస్తే?"

"బయల్దేరేది."

"ఇంకోసారి విజిలేస్తే?"

"ఇంకా బాగా బయల్దేరేది."

"శెబాష్!"

ఈ శెబాషే కొంప ముంచింది.

బయల్దేరే రోజు పొద్దున మామ పాత యూనిఫారం కోటు తొడిగాడు. బండి వెనక ఎల్‌వీ, అంటే లాస్ట్ వెహికల్, అని రాసిన పలక తగిలించాడు. రైలు చివరి పెట్టెకు ఆ పలక ఉంటేనే బండి మొత్తం వచ్చిందని లెక్కట. వీధిలోవాళ్లు గుమ్మడికాయ కొట్టారు. పచ్చజెండా ఊగింది, విజిల్ మోగింది, కదిలాం. వెనక్కి చూస్తే మామ, అత్త కిటికీలో పక్కపక్కనే కనిపించారు, కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురులా.

ఊరు దాటి కొంత దూరం పోయాక ఎర్రజెండా కనిపించింది. ఆపాను. మామ దిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఎల్‌వీ పలక ఊగతా ఉండాది. బిగించి వస్తా. నా జెండా లేకుండా కదిలినావో, సూడు!"

"దేవుడొచ్చి చెప్పినా కదలను మామా!"

ఆయన బండి వెనక్కి వెళ్లాడు. నేను అద్దంలోంచి కన్ను తీయలేదు. కాసేపటికి కిటికీలోంచి పచ్చజెండా రెపరెపలాడింది. గేరు వేశాను. ఆ వెంటనే విజిల్. జెండా అయింది, విజిలూ అయింది, ఇంకేం కావాలి? బయల్దేరాను.

ఇంకో విజిల్. ఇంకా బాగా బయల్దేరాను.

విజిల్ మీద విజిల్. ఇంజను మీద, ఇంజను తోలే మొనగాడి మీద మామకు ఎంత మురిపెమో అనుకుని తొక్కి పట్టాను. విజిల్ సన్నబడుతూ పోయింది. పాపం, ముసలాయనకు దమ్ము చాలడం లేదని జాలిపడ్డాను. జాలిపడి ఇంకా తొక్కాను. రోడ్డు పక్కన పొలాల్లోవాళ్లు చేతులూపి అరుస్తున్నారు. "ఆపప్పో, ఆపు!" అంటున్నారని ఇప్పుడు తెలుసు. అప్పుడు జేజేలనుకుని, స్టీరింగు మీదనుంచి ఒక చెయ్యి తీసి నమస్కారాలు పెట్టుకుంటూ పోయాను.

కాణిపాకంలో ఆపి, దర్జాగా వెళ్లి ఆ ఇత్తడి పిడి తిప్పి తలుపు తీశాను.

"దిగండి మామా!"

అత్త దిగింది. చేతిలో వేడి కాఫీ గ్లాసు.

"మామ యాడ అత్తా?"

"నన్నడగతావేంరా? తోలుకోనొచ్చింది నువ్వు."

నా గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. బండి కిందికి వంగి చూశాను. మడత మంచం ఎత్తి చూశాను. ఫిల్టరు గూట్లో కూడా చూశానని తర్వాత అత్త ఊరంతా చెప్పింది. అది మాత్రం కోతే.

జీపును వెనక్కి తిప్పాలంటే నాకు రివర్సు రాదు. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగా దూరంనుంచి విజిల్ వినిపించింది. చెరకు ట్రాక్టరొకటి వస్తోంది. దాని మీద, చెరకు గడల కొండ కొన మీద, ఉత్సవ విగ్రహంలా మా మామ. మెళ్లో విజిల్, గుండెకు ఆనించుకున్న ఎల్‌వీ పలక.

ట్రాక్టరు దిగుతూనే మొదలుపెట్టాడు. "నిన్ను కదలొద్దంటి గదరా! నేను పలక ఊడబీకి చేతిలో పట్టుకోనుంటే, నా ముందర నా ఇల్లే నన్నిడిసిపెట్టి పాయె! ఆపరా ఆపరా అని విజిలేస్తే ఎగిరెగిరి పోతావా?"

"విజిలేస్తే బయల్దేరమని నువ్వే చెప్తివి మామా! పచ్చజెండా గూడా ఊపితివి!"

"జెండాలు లోపలుంటే నేనెట్లా ఊపేది? ఏనుగుల కతలు నా కాడ సెప్పొద్దు!"

అత్త కాఫీ ఊదుకుంటూ మెల్లిగా అంది. "గాలికి కర్టెన్ ఎగిరుంటాదయ్యా. పిల్లోడు దాన్ని సూసి జెండా అనుకోనుంటాడు."

చుట్టూ చేరిన జనం పగలబడి నవ్వారు. కర్టెన్ చూసి బండి తోలినోడని అక్కడికక్కడే పేరు పెట్టేశారు. నాకు రోషమొచ్చింది. జీవితంలో మొదటిసారి నిజం చెబుతుంటే ఒక్కడూ నమ్మడేం?

"దేవుడి ముందర ప్రమాణం చేస్తా! నేను చూసింది జెండానే!"

కాణిపాకంలో ప్రమాణమంటే ఆటలు కాదు. అక్కడ అబద్ధమాడినవాడు బాగుపడడని జిల్లా అంతా నమ్మకం. మామ నన్ను ఎగాదిగా చూశాడు. నా నోట ప్రమాణం మాట ఆయనెప్పుడూ వినలేదు మరి.

"సరే, ముగ్గురం పోదాం రా. అలివేలూ, నువ్వు గూడా జెండా ముట్టుకోలేదని ఒక మాట సెప్పేయ్."

అత్త జీపు మెట్టు మీద చతికిలబడింది. "మీరు పోండయ్యా. నాకు మోకాళ్లు నొప్పులు."

రేకుల కప్పెక్కి నెలల తరబడి సుత్తి కొట్టిన మోకాళ్లకు నొప్పులట!

అప్పుడు నాకు అద్దంలో చూసింది పూర్తిగా గుర్తొచ్చింది. "మామా, కర్టెన్ గాజులేసుకుంటాదా?"

మామ అత్త వైపు చూశాడు. అత్త చేతి గాజుల వైపు చూశాడు. అత్త గ్లాసు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"సర్వీసంతా నువ్వు ఊపేది, నేను నిలబడి సూసేది. ఒక్కసారి నేనూపితే ఎట్లుంటాదో అనుకుంటి. ఈ పిల్లోడు నిజంగానే పోతాడని నాకేం తెలుసు?"

"పోతా ఉంటే ఆపల్ల గదా! ఎర్రజెండా గూడా నీ కాడే ఉండె!"

"ఎందుకు ఆపల్ల? నువ్వు రోడ్డు మీద నిలబడి సూస్తా ఉండావు, నేను పోతా ఉండాను. ఎంత బాగుండాది!"

మామ చేతిలో పలకను జీపు బానెట్టు మీద పెట్టాడు. తర్వాత మెళ్లోంచి విజిల్ తీసి అత్త మెళ్లో వేశాడు. తాళి కట్టినప్పుడు కూడా అంత శ్రద్ధగా వేసి ఉండడు. నవ్విన జనమే పట్టి బండిని వెనక్కి తిప్పిపెట్టారు. తిరుగు ప్రయాణంలో జెండాలు, విజిల్ అన్నీ అత్తవే. మామ పక్కన కూర్చుని కాఫీ కలిపి ఇచ్చాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఆ పనసకాయలో శ్రీకాళహస్తి వెళ్లారు, కన్యాకుమారి వెళ్లారు, ఎక్కడెక్కడికో వెళ్లారు. రివర్సు వచ్చిన డ్రైవరును పెట్టుకున్నారు.

నేను మాత్రం ఆ రోజే వినాయకుడి ముందు గుంజీలు తీసి గట్టి ప్రమాణం చేశాను. స్వామీ, బొందిలో ప్రాణం ఉన్నంతవరకు, పట్టుకున్న చేతికి గాజులున్నాయో లేవో చూడకుండా ఏ పచ్చజెండాకూ బండి కదపను. తిరుపతి కూడళ్లలో పచ్చలైటు పడగానే నేను వెనక్కి తిరిగి చూస్తూ కూర్చుంటే, వెనకవాళ్లు హారన్లు కొట్టి తిడుతుంటారు. తిట్టనీండి, ప్రమాణం ప్రమాణమే.

ఇంతకీ ఇదంతా జరిగిందేనా అంటారా? అక్షరం పొల్లుపోకుండా జరిగింది. ఎక్కడ ఒట్టేయమన్నా వేస్తాను. కాణిపాకం రమ్మంటే మాత్రం, నాకూ ఈ మధ్య మోకాళ్లు నొప్పులు.