భాషను బతికించే డ్యూటీ

నన్ను తెలుగు రచయిత్రి అని ఎవరైనా పరిచయం చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పైకి నవ్వుతాను. దండ వేస్తే మెడ వంచుతాను. "కలకత్తాలో పుట్టి పెరిగి కూడా ఇంత చక్కటి తెలుగా!" అని పెద్దమనుషులు ముచ్చటపడుతుంటే చేతులు కట్టుకుని వింటాను. లోపల మాత్రం, ఇది నేను కోరుకున్న బతుకు కాదు మహాప్రభో అని అరవాలనిపిస్తుంది. నేను బెంగాలీ బడిలో టీచరును కావాలనుకున్నాను. బెంగాలీలో రాయాలనుకున్నాను. పదో తరగతి పాసై సబ్జెక్టులు ఎంచుకునే వేళ ఆ రెండూ నా చేతిలోంచి లాగేసుకున్నారు, అదీ ఎంతో మర్యాదగా.

మాది కలకత్తా రేవు పక్కన ఖిదిర్‌పూర్. నాన్న కార్పొరేషన్‌లో మురుగుకాలవలు తీసే గ్యాంగులో పనిచేసేవాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అదే పనిలో చేరాడట. మా లైనులో, అంటే ఆ పనివాళ్ళ ఇళ్ళ వరసలో, ఉన్నవాళ్ళందరిదీ ఇంచుమించు అదే కథ. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ, బజారుకెళితే హిందీ. పేటలో తెలుగు బడి ఒకటుండేది కానీ పదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే బెంగాలీ బడో హిందీ బడో చూసుకోవాల్సిందే. చాలామంది చూసుకునేవాళ్ళు కాదు, పనిలో చేరిపోయేవాళ్ళు.

మా వీధి మలుపులో కుర్రాళ్ళ క్లబ్బు ఉండేది. లోపల క్యారమ్ బోర్డు, పైన ఎర్రజెండా, ఎన్నికలొస్తే గోడలకు పూసే సున్నం బకెట్లు. బయటి గోడకి వల తలుపున్న చెక్క చట్రం ఒకటి బిగించి, అందులో అప్పుడప్పుడూ చేతిరాత కాగితాలు అంటించి గోడపత్రిక పెట్టేవాళ్ళు. తొమ్మిదో తరగతిలో నేనూ ఒకటి, బడిలో రెండో భాషగా నేర్చుకున్న బెంగాలీలో రాసిచ్చాను. ఊరి నీళ్ళన్నీ లాగేసే మా నాన్న, వానాకాలం మా ఇంట్లోకి నీళ్ళొస్తే మంచం కోళ్ళ కింద ఇటుకలు పేర్చుకుంటూ తిట్టిన తిట్లన్నీ అందులో పెట్టాను. చేపలమ్ముకునే ఒకాయన తట్ట కింద పెట్టి మరీ చదివి, పక్కవాణ్ణి పిలిచి చదివించి నవ్వాడు. నాదేనని చెప్పడానికి సిగ్గేసింది. కానీ నేనేమవాలో ఆ పూటే నాకు తెలిసిపోయింది.

ఆ కాగితం చదివి నన్ను వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఒక దిదిమణి. టీచరమ్మని అక్కడ అలాగే పిలుస్తారు. క్లబ్బు వెనక వీధిలో ఉండేది, ఆడపిల్లల బడిలో బెంగాలీ చెప్పేది. పదో తరగతిలో తెలుగు బడి మొత్తానికి నేను ఫస్టు వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి, వేళ్ళు మడుస్తూ తన భాషలో చెప్పింది. "రాయాలంటే చరిత్ర చదువు. టీచరువి కావాలంటే ఎడ్యుకేషన్ అనే సబ్జెక్టు తీసుకో. రెండూ కావాలంటే ఫస్ట్ లాంగ్వేజ్ బెంగాలీ పెట్టుకో. అది లేకపోతే ఈ ఊళ్ళో నీకు బడి తలుపు తెరవరు. శనివారం లోపల వచ్చి చేరు, హెడ్‌మిస్ట్రెస్‌తో నేను మాట్లాడాను."

ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పేసరికి నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. "సదువుకో తల్లీ, నీకు నచ్చిందే సదువుకో" అన్నాడు. ఇది సోమవారం మాట.

బుధవారం భవానీపూర్ నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక బ్యాంకు ఆఫీసరుగారు ఉండేవారు. బదిలీ మీద వచ్చి, కలకత్తా తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద అయ్యారు. ఉగాదికి మా బడికొచ్చి బహుమతులిచ్చి ఉపన్యాసం చెప్పేవారు. మా లైనులో అందరికీ ఆయన బాబుగారు. ఫస్టొచ్చిన పిల్లని తీసుకుని రమ్మన్నారు. నాన్న గ్యాంగు ఆ వారం భవానీపూర్‌లోనే పనిలో ఉంది. పని దిగి, వీధి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, బస్టాపులో నా కోసం నిలబడ్డాడు.

తలుపు తీయగానే వాళ్ళమ్మాయి నన్ను తన గదిలోకి లాక్కుపోయింది. నా ఈడుదే, మంచి పిల్ల. బల్ల నిండా ఇంగ్లీషు సైన్సు పుస్తకాలు. తనకి తెలుగు చదవడం రాదని, ఇంట్లో మాట్లాడడమే తప్ప ఎవరూ నేర్పలేదని, నవ్వుతూ చెప్పింది. కాసేపటికి బాబుగారు పిలిస్తే హాల్లోకి వెళ్ళాం. నాన్న కాఫీ తాగుతున్నాడు.

"మన బడిలో పై తరగతులు పెట్టించాలని ప్రయత్నం చేస్తున్నానమ్మా" అన్నారు బాబుగారు, పేపర్లో అచ్చేసినట్టుండే తెలుగులో. "పిల్లలున్నారని చూపిస్తేగానీ గవర్నమెంటు కదలదు. అందాకా సాయంత్రాలు మన బడి గదిలోనే క్లాసులు పెడతాం. తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్‌గా ప్రైవేటుగా పరీక్ష రాద్దురుగాని. నువ్వు చేరితే మిగతావాళ్ళూ చేరతారు. భాష బతకాలంటే మీలాంటి పిల్లలే బతికించాలి."

మీలాంటి పిల్లలంటే ఎలాంటి పిల్లలు? ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి వేరే అడిగాను.

"మీ అమ్మాయిగోరు కూడా క్లాసుకొస్తారాండీ?"

ఆయనకి కోపం రాలేదు, నవ్వారు. "దానికి ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఉందమ్మా. పైగా మాది బదిలీల ఉద్యోగం. ఇవాళ ఇక్కడ, రేపెక్కడో!"

ఆ పిల్ల తల దించుకుంది. నేను దిదిమణి సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా నాన్న అనేశాడు: "అలాగే బాబూ. తమరెలా సెప్తే అలాగే."

బస్సు దిగి ఇల్లు చేరేదాకా పళ్ళు బిగబట్టుకుని, చేరగానే విరుచుకుపడ్డాను.

"నాకు బెంగాలీ గావాల నాన్నా. టీచరమ్మనవ్వాలంటే అదే గావాల. మొన్న నువ్వే కదా నచ్చింది సదువుకోమన్నావు!"

"అంతోడు అడిగితే కాదనీగలమా అమ్మా? మాటిచ్చీసినాను."

"మాట నీది. సదువు నాది కదేటి!"

అమ్మ నాకు అన్నం పెట్టి, పొయ్యి దగ్గరే ఉండిపోయింది. శనివారం వెళ్ళి, చేరడం లేదని దిదిమణితో చెప్పాను. ఎవరు వద్దన్నారని అడిగింది. మా భాషవాళ్ళు అన్నాను. ఆ సీటు ఇంకో అమ్మాయికి వెళ్ళిపోయింది.

ఇక ఆ సాయంత్రం క్లాసుల వైభోగం చెప్పాలి. మాకు ఏం కావాలని ఎవరూ అడగలేదు, దొరికిన మాస్టార్లను బట్టి సబ్జెక్టులు పెట్టారు. రేవు ఆఫీసులో గుమాస్తా ఒకాయన తీరిక ఉందన్నాడు కాబట్టి మాకు వ్యాపార భూగోళం వచ్చింది. ఏ దేశంలో జనపనార పండుతుందో, ఏ రేవులో బొగ్గు దిగుతుందో బట్టీ పట్టాను. రచయిత్రిని కావాలనుకున్న పిల్లకి బొగ్గు లెక్కలు! చరిత్ర చెప్పేవాళ్ళు దొరకలేదు. ఎడ్యుకేషన్ ఊసే లేదు. తెలుగు మాస్టారు మంచివాడే గానీ ఉబ్బసం మనిషి, చలి మొదలవగానే మానేశాడు. మొదట్లో గది సగం నిండింది. ఒకడు పక్క పేట మెటియాబ్రుజ్‌లో కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. ఒకమ్మాయి హిందీ బడికి పోయింది. మిగిలినవాళ్ళు రావడం మానేశారు. చివరికి కరెంటు పోయిన గదిలో కొవ్వొత్తి పెట్టుకుని పద్యాలకి నాకు నేనే అర్థాలు చెప్పుకున్నాను. నేను మానలేదు. మానితే నాన్న మాట పోతుందట!

పరీక్షలు ఇంకా మొదలవకముందే బాబుగారికి బదిలీ అయింది. వీడ్కోలు సభ పెట్టి, భాషకు చేసిన సేవకు ఆయనకి శాలువా కప్పారు. ప్రార్థన పద్యం పాడింది నేనే. పై తరగతుల అర్జీ ఏమైందో ఎవరూ చెప్పలేదు. నేనైనా అడగాల్సింది, గొంతులో పద్యం తప్ప ఇంకేం రాలేదు.

పరీక్ష పాసయ్యాను. పిల్లలకి ప్రైవేట్లు చెప్పుకుంటూ సాయంత్రం కాలేజీలో డిగ్రీ కూడా చేశాను. ఒక బెంగాలీ బడిలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. అడిగినవన్నీ బెంగాలీలో అడిగారు, అన్నిటికీ బెంగాలీలోనే తడుముకోకుండా చెప్పాను. చివర్లో కళ్ళజోడాయన నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పాడు. "మీరు చాలా బాగా మాట్లాడుతున్నారు. కానీ పదో తరగతి తరువాత ఎక్కడా బెంగాలీ చదివినట్టు లేదే? మేం ఎలా తీసుకోగలం?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. అదే నాకు ఇంకా మంట.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో కూర్చున్నాడు. అప్పటికి రిటైరయ్యాడు, నడుము వంగింది. నా మొహం చూసి సంగతి కనిపెట్టేశాడు.

"బాబుగారికి ఓ ఉత్తరం ముక్క రాయి తల్లీ. పెద్దోళ్ళందరూ ఎరిక ఆయనకి. ఏదోటి సేస్తారు."

అన్నేళ్ళ కోపమూ ఒక్కసారి బయటికొచ్చింది. లైనంతా వినేలా అరిచాను.

"ఏటి సేస్తాడు? ఆయన కూతురు ఇంజనీరయ్యింది, నానిలాగయ్యాను! ఏటిచ్చినాడు నీకా బాబు? ఓ కప్పు కాఫీ ఇచ్చినాడు. ఆ కాఫీకి నా సదువు అమ్మీసినావు!"

నాన్న నా వైపు చూడలేదు. కాలి వేళ్ళు నిమురుకున్నాడు. ఏళ్ళ తరబడి మురుగులో నానిన వేళ్ళు అవి.

"కాఫీకి కాదమ్మా" అన్నాడు. "నువ్వా పిల్లతోటి లోనకెల్లావు. నాను గుమ్మం కాడ కింద కూకోబోయాను. ఆయన రెక్కట్టుకుని లేపీసి, సోఫాలో తన పక్కన కూకోబెట్టినాడు. కాలవలోంచి తిన్నగా వొచ్చినాను, ఒల్లంతా కంపు. ముక్కు కూడా ముయ్యనేదు. ఈ ఊర్లో పుట్టి ముసిలోన్నయ్యాను, ఏ ఇంట్లోనూ నన్నలాగ కూకోబెట్టనేదు. మరి కాదని ఎలాగంటాను?"

నేను ఉత్తరం రాయలేదు, చేతిలో మిగిలిన ఆ తెలుగులోనే కథలు రాయడం మొదలుపెట్టాను. నాన్నని మళ్ళీ ఒక్క మాట కూడా అనలేదు. బాబుగారి మీద కోపం పోలేదు, ఈ జన్మకి పోదు కూడా. కానీ పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు, కూతురి చదువు కూడా ఇచ్చేసేటంతగా మా నాన్నని ఎప్పుడూ గుమ్మం బయటే నిలబెట్టిన ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో, వాటి మీద నా కోపం అంతకు పదింతలు.